విడాకులైతే ఫ్లాటు, బంగారం, పొలం ఎవరికి? మన కోర్టులు లెక్క ఎలా చూస్తాయి

ప్రశ్న: పెళ్లై 12 ఏళ్లయింది, తొమ్మిదేళ్ల పాప ఉంది. 2016లో హైదరాబాద్‌లో ఇద్దరి పేరా 62 లక్షలకు ఫ్లాటు కొన్నాం. నాన్న నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం అమ్మి 11 లక్షలు పెట్టాను, ఆయన 4 లక్షలు పెట్టారు, మిగతా 47 లక్షలు ఇద్దరి పేరా లోను. 2020లో పాప కోసం ఉద్యోగం మానేశాను. అప్పటి నుంచి ఈఎంఐ అంతా ఆయన జీతంలోంచే. నా బంగారం 40 తులాలు అత్తగారి లాకర్‌లో ఉంది. ఆయన వాళ్లమ్మ పేరున ఒక ప్లాటు కొన్నారు. ఊళ్లో తాతల నాటి పొలం ఉంది. ఆయన వేరే ఉంటున్నారు, నేనూ పాపా ఫ్లాట్‌లోనే ఉన్నాం. 15 లక్షలు ‘ఫుల్ అండ్ ఫైనల్’గా తీసుకుని పరస్పర అంగీకార విడాకులకు ఒప్పుకోమని లాయర్ నోటీసు పంపారు, 15 రోజులు గడువు. డాలస్‌లో ఉన్న మా కజిన్‌కి విడాకుల్లో ఇంట్లో సగం వచ్చింది. నాకూ సగం వస్తుందా?

సమాధానం:

ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి అమ్మా. ఎందుకో వివరంగా చెప్తాను.

మీ కజిన్ సంగతి చూద్దాం. ఈ ‘సగం’ అన్న మాట పట్టుకునే మా దగ్గరికి చాలామంది వస్తారు, మగవాళ్లు అదే మాటకు భయపడుతూ వస్తారు. టెక్సాస్ చట్టం ప్రకారం పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ అని మొదట అనుకుంటారు. విడాకులప్పుడు జడ్జి దాన్ని న్యాయంగా పంచాలి. అక్కడ కూడా ప్రతి కేసులో సరిగ్గా సగమే అన్న నియమం లేదు. న్యూజెర్సీలో పెళ్లి ఎన్నేళ్లు నిలిచింది, ఎవరి సంపాదన ఎంత, పిల్లల్నీ ఇంటినీ ఎవరు చూసుకున్నారు అని చూసి పంచుతారు. మన దేశంలో ఇలాంటి ఉమ్మడి ఆస్తి పద్ధతి గోవాలో ఉంది, అదీ పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ పుణ్యాన.

తెలంగాణలో, ఆంధ్రాలో హిందూ వివాహ చట్టం కింద పెళ్లైన మీకు అది వర్తించదు. మన చట్టంలో పెళ్లి చేసుకున్నంత మాత్రాన భర్త ఆస్తిలో భార్యకు వాటా పుట్టదు. భార్య ఆస్తిలో భర్తకూ అంతే. దీన్ని మార్చడానికి 2010లో ఒక సవరణ బిల్లు వచ్చింది. విడాకులప్పుడు భర్త స్థిరాస్తిలోంచి భార్యకు కోర్టు కొంత ఇప్పించేలా మార్చి 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో నెగ్గలేదు, 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. ఆ బిల్లులో లోపాలు లేవని అనను. కానీ అది పోవడం వల్ల మన ఫ్యామిలీ కోర్టుల్లో న్యాయం అన్నది చాలావరకు కాగితాల మీద ఆధారపడిపోయింది. ఎవరి దగ్గర బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటే వాళ్ల మాట నిలబడుతుంది.

కాబట్టి మన జడ్జి అన్నీ ఒక కుప్పగా పోసి పంచడు. రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాడు. ఒకటి, ఈ వస్తువు, ఈ ఆస్తి ఎవరిది? రెండోది, విడిపోయాక ఈ మనిషి, ఈ పాప ఎలా బతకాలి? మొదటిదానికి జవాబు దస్తావేజుల్లో ఉంటుంది, రెండోదానికి జవాబు భరణం. మీ నోటీసులో ఈ రెండూ కలిపేసి 15 లక్షలన్నారు. విడదీసి చూస్తే ఆ అంకె ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది.

మీ కేసులో బలమంతా ఫ్లాటులోనే ఉంది. సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లు ఉండి, ఎవరికెంత వాటా అని రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 45 చూడాలి. ఇద్దరు కలిసి డబ్బు పెట్టి కొంటే, పెట్టిన డబ్బును బట్టి వాటాలు. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే సమానం అని భావిస్తారు. అంటే ఏమీ తేలకపోతే మీకు సగం. ‘నాది ఎక్కువ’ అనేవాడు రుజువు చేసుకోవాలి. మీవారు తప్పకుండా ఆ పని చేస్తారు. 2020 నుంచి ఈఎంఐలన్నీ తన జీతంలోంచి వెళ్లినట్టు స్టేట్‌మెంట్లు పెడతారు. ‘పేరుకే భార్య పేరు పెట్టాను’ అని కూడా అంటారు. బినామీ చట్టం ఆ వాదనకు అడ్డు రాదు, ఎందుకంటే భర్త తన తెలిసిన ఆదాయంతో భార్య పేరున కొంటే ఆ చట్టం దాన్ని బినామీ అనదు. కాబట్టి ఆ వాదన వస్తుందని ముందే అనుకుని సిద్ధంగా ఉండండి.

దానికి మీ జవాబు ఆ ఎకరం. నాన్నగారు మీ పేరున రిజిస్టర్ చేసిచ్చిన గిఫ్ట్ డీడ్ కాపీ, మీరు అమ్మిన సేల్ డీడ్ కాపీ, ఆ డబ్బు మీ ఖాతాలో పడి బిల్డర్‌కి వెళ్లినట్టు 2016 నాటి స్టేట్‌మెంట్, ఈ మూడూ వరుసగా ఉండాలి. పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 14 ప్రకారం పూర్తిగా మీ సొంతం, దాన్ని అమ్మగా వచ్చిన డబ్బూ మీ సొంతమే. మొదట పెట్టిన 15 లక్షల్లో 11 మీవి. 2020 దాకా మీ జీతంలోంచి వెళ్లిన ఈఎంఐలు వేరే. పాత స్టేట్‌మెంట్లు బ్యాంకులు ఎక్కువ కాలం ఉంచవు, ఈ వారమే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఒకవేళ నాన్నగారు నోటిమాటగా ఇచ్చి, ఆయన పేరునే అమ్మి డబ్బు మీకిచ్చి ఉంటే దారి కాస్త మారుతుంది, అప్పుడది తండ్రి కూతురికిచ్చిన డబ్బు అవుతుంది. అయినా మీదే.

ఉద్యోగం మానేశాక ఇంట్లో చేసిన చాకిరీకి విలువ లేదా అని అడుగుతారు. మద్రాస్ హైకోర్టు 2023 జూన్‌లో ఒక మంచి తీర్పు ఇచ్చింది. భర్త సౌదీలో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకుంది. ఆమె ఇంటి పని లేకపోతే ఆయన ఆ డబ్బు కూడబెట్టగలిగేవాడు కాదని చెప్పి, అలా కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని కోర్టు అంది. మన లాయర్లు ఇప్పుడు దాన్ని బాగా వాడుతున్నారు, మీ లాయరూ వాడాలి. అయితే పక్క రాష్ట్రం హైకోర్టు తీర్పు మన జడ్జిని ఒప్పించడానికి పనికొస్తుంది తప్ప కట్టిపడేయదు. పైగా భర్త ఒక్కడి పేరున ఉన్న ఆస్తిలో భార్యకు సగం అని మన దగ్గర ఇంకా స్థిరపడలేదు. మీకు ఆ ఇబ్బంది లేదు, డీడ్‌లో మీ పేరు ఉంది. పేరు లేనివాళ్లు ఎంత కష్టపడతారో రోజూ చూస్తుంటాను కాబట్టి చెప్తున్నాను, అది చిన్న విషయం కాదు.

ఫ్లాటును మధ్యలో గోడ కట్టి పంచలేరు కదా. ఒకరు రెండోవాళ్ల వాటా కొనుక్కోవాలి, లేదా అమ్మి, బ్యాంకు బాకీ తీర్చి, మిగిలింది పంచుకోవాలి. ఉదాహరణకి ఇవాళ ధర కోటీ పది లక్షలు, లోను బాకీ 26 లక్షలు అనుకోండి. మిగిలేది 84, అందులో సగం 42 లక్షలు. నోటీసులో ఉన్న 15 లక్షల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. పైగా ఇది మీ ఆస్తి, భరణం కాదు.

ఇక్కడ చాలామంది ఒక గోతిలో పడతారు. భార్య తన వాటా వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాసిచ్చేస్తుంది, లోనులో ఆమె పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది. విడాకులతో బ్యాంకుకి సంబంధం లేదు. ఆయన ఈఎంఐ ఆపేస్తే మీ సిబిల్ పోతుంది, రికవరీ ఫోన్లు మీకు వస్తాయి, ఫ్లాటు మాత్రం మీది కాదు. కాబట్టి కో-అప్లికెంట్‌గా మీ పేరు తీసేసినట్టు బ్యాంకు లెటర్ చేతికి వచ్చాకే రిలీజ్ డీడ్ మీద సంతకం.

బంగారం విషయంలో చట్టం మీవైపు గట్టిగా ఉంది, చిక్కంతా రుజువుతోనే. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత మీకు వచ్చిన నగలు, బహుమతులు స్త్రీధనం. అత్తగారి లాకర్‌లో ఉన్నంత మాత్రాన అత్తగారివి కావు. మీ తరఫున దాచిపెట్టినట్టే లెక్క అని, అడిగినా ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళ కేసు ఒకటి వచ్చింది. 89 సవర్ల బంగారం పెళ్లైన మొదటి రాత్రే భర్త తీసుకుని తల్లికి ఇచ్చాడని భార్య వాదన. హైకోర్టు ఆమె రుజువు చేయలేదంది. సుప్రీంకోర్టు మాత్రం, కొత్త పెళ్లికూతురు భర్త దగ్గర రసీదు అడుగుతుందా అన్న ధోరణిలో చూసి, ఇలాంటి వాటిలో క్రిమినల్ కేసంత గట్టి రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తే చాలని, 25 లక్షలు ఇమ్మంది.

అలా అని చేతులు ముడుచుకుని కూర్చోకండి. పెళ్లి ఆల్బమ్, వీడియో, నగల షాపు బిల్లులు, బిల్లు లేకపోతే ఆ రోజుల్లో నాన్నగారి ఖాతాలోంచి డ్రా చేసిన వివరాలు, నగల గురించి అత్తగారితో, ఆయనతో వాట్సాప్‌లో జరిగిన మాటలు, అన్నీ ఒకచోట పెట్టండి. ఒక్కో నగ పేరు, బరువు రాసి జాబితా చేయండి. ‘40 తులాలు’ అని ఒక్క ముక్క రాస్తే అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో గంటసేపు ఆడుకుంటాడు. హారం, వంకీలు, వడ్డాణం, గాజులు అని విడివిడిగా ఉంటే ఆ ఆటకి వీలుండదు.

ఇంకో సంగతి. ఈ బంగారం అడగాల్సింది మీరే. తెలంగాణ కేసు ఒకటుంది, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కూతురికి విడాకులై ఏళ్లు గడిచాక, ఆమె అధికారం ఇవ్వకుండానే తండ్రి వెళ్లి నగలు ఇప్పించమని అల్లుడి తల్లిదండ్రుల మీద కేసు పెట్టాడు. స్త్రీధనం ఆమెది మాత్రమే, తండ్రికి హక్కు లేదని కొట్టేశారు. నాన్నగారు ఆవేశంలో ఉంటారు, అర్థం చేసుకోగలను, కానీ ఫిర్యాదు మీ పేరున, మీ సంతకంతో వెళ్లాలి.

లాకర్ ఖాళీ అయిపోతుందేమో అన్న భయం ఉంటే 2005 గృహహింస చట్టం కింద వెళ్లడమే దగ్గర దారి. హింస ఏం జరిగిందో చెప్పాలి. స్త్రీధనం తొక్కిపట్టడం కూడా ఆ చట్టంలో ఆర్థిక హింసే. లాకర్ తెరవకుండా ఆపే ఆర్డర్, నగలు తిరిగి ఇప్పించే ఆర్డర్ ఇచ్చే అధికారం మెజిస్ట్రేట్‌కి ఉంది, అత్తగారిని కూడా పార్టీ చేయొచ్చు. ఫ్లాట్‌లోంచి మిమ్మల్ని పంపించకుండా నివాస హక్కు ఆర్డర్ కూడా అదే పిటిషన్‌లో అడగండి. ఈలోపు అలిగి పుట్టింటికి వెళ్లిపోవద్దు. వెళ్తే హక్కు పోదు గానీ, తిరిగి తాళం తెరిపించడానికి వాయిదాలు తిరగాలి.

కట్నంగా నగదు ఇచ్చి ఉంటే, దాని గురించి మీరు రాయలేదు, చట్ట ప్రకారం అది ఎవరి చేతికి వెళ్లినా పెళ్లైన మూడు నెలల్లో మీకు అప్పగించాలి. ఇచ్చినవాళ్లదీ నేరమే కాబట్టి నోటీసుకి జవాబులో తొందరపడి రాయకుండా లాయర్‌తో మాట్లాడి రాయండి. ఇక మంచం, ఫ్రిజ్, కారు లాంటివి, పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చినవి, హిందూ వివాహ చట్టం సెక్షన్ 27 కింద విడాకుల డిక్రీలోనే తేల్చమని అడగొచ్చు. పన్నెండేళ్ల నాటి ఫ్రిజ్ కోసం నేనైతే వాయిదాలు తిరగను.

అత్తగారి పేరున ఉన్న ప్లాటు మీద ఆశ పెట్టుకోకండి. ఆయన డబ్బుతోనే కొన్నా కాగితం మీద అది ఆవిడది. ‘నాదే, అమ్మ పేరున పెట్టాను’ అని ఆయనే ఒప్పుకుంటే బినామీ చట్టంలో ఇరుక్కుంటారు, అంచేత ఒప్పుకోరు. అయినా ఆ వివరం వృథా పోదు. ఆయన ఖాతాలోంచి తల్లికి లక్షలు వెళ్లిన ఎంట్రీలు దొరికితే, ‘నా జీతం ఈఎంఐకే చాలదు’ అన్న వాదన కూలిపోతుంది. భరణం దగ్గర పనికొస్తుంది.

తాతల నాటి పొలంలో భార్యగా మీకు వాటా లేదు. పాపకు ఉండొచ్చు. 2005 సవరణ తర్వాత కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటాదారు. అమ్మానాన్నల విడాకులతో ఆ హక్కు పోదు. కానీ అది నిజంగా పంపకం కాని పిత్రార్జితమేనా అని చూడాలి. మీవారి తాత స్వార్జితమైతే, 1956 తర్వాత వారసత్వంగా మామగారికి వచ్చి ఉంటే, అది మామగారి సొంత ఆస్తే. పహాణీలు (రెవెన్యూ భూమి రికార్డులు), పాస్‌బుక్ చూడందే ఎవరూ చెప్పలేరు. ఈ గొడవను విడాకుల కేసులో కలపకండి. అయితే ఒప్పందంలో ‘పాపకు తండ్రి ఆస్తిలో ఏ హక్కూ లేదు’ అన్న వాక్యం దూర్చారేమో మాత్రం భూతద్దం పెట్టి చూడండి. అలా రాయించే అలవాటు కొందరికి ఉంది. పాప హక్కు మీరు వదులుకోవడానికి మీది కాదు.

ఇప్పుడు భరణం. హిందూ వివాహ చట్టంలో కేసు నడుస్తుండగా సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం, చివర్లో సెక్షన్ 25 కింద శాశ్వత భరణం. పాపకు విడిగా అడగాలి. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేశ్–నేహా తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ రాసి అఫిడవిట్ వేయాలి. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. ఈ అఫిడవిట్‌ను చాలామంది లాయర్లే ఏదో ఫారం నింపినట్టు నింపేస్తారు. మీది మీరే కూర్చుని రాయండి. పాప స్కూలు ఫీజు, అద్దె కట్టాల్సి వస్తే ఎంత, మందులు, అన్నీ బిల్లులతో. ఆయన అఫిడవిట్‌లో దాచినవి మీ దగ్గరున్న కాగితాలతో బయటపెట్టండి. అబద్ధపు అఫిడవిట్ వేసినట్టు తేలితే జడ్జి దగ్గర ఆయన మిగతా మాటల విలువ కూడా పడిపోతుంది.

ఎంత వస్తుంది అంటే ఫార్ములా లేదు. నికర జీతంలో 25 శాతం అన్న మాట 2017 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పులోంచి వచ్చింది, కోర్టులు దాన్ని ఒక కొలబద్దగా వాడతాయి, కచ్చితమైన నియమంగా కాదు. ఇద్దరి స్థాయి, చదువు, పెళ్లి కోసం, పిల్లల కోసం ఉద్యోగం వదిలారా, భర్త మీద ఇంకెవరు ఆధారపడి ఉన్నారు, ఇవన్నీ చూడాలని 2024 డిసెంబర్‌లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెబుతూ భార్యకు 5 కోట్లు, కొడుక్కి కోటి ఇప్పించారు. అదే నెలలో ఇంకో కేసులో భార్యకు 12 కోట్లు ఇప్పిస్తూనే, భర్త ఆస్తితో సమానంగా తనకూ కావాలని అడగడం కుదరదని, రేపు ఆయన దివాలా తీస్తే ఆ సమానత్వం అడుగుతారా అని కోర్టు ప్రశ్నించింది. ఈ కోట్లు చూసి ఆశపడకండి, వాళ్ల ఆదాయాలు వేరు. అందులోని సూత్రం మాత్రం మీకూ వర్తిస్తుంది: భరణం పరువుగా బతకడానికి, ఆస్తి పంపకానికి బదులు కాదు.

‘చదువుకుంది, ఉద్యోగం చేసుకోగలదు’ అని వాళ్లు కచ్చితంగా అంటారు. మానేసినప్పటి రాజీనామా మెయిల్, ఆ రోజుల్లో మీ ఇద్దరి మధ్య మెసేజ్‌లు ఉంటే తీసిపెట్టండి. ఆయన ఇష్టంతోనే, పాప కోసం మానేశారని కనిపించాలి. ఉద్యోగం వెతుక్కుంటే భరణం పోతుందేమో అన్న టెన్షన్ వద్దు. వెతకండి, దొరికితే చేరండి. మీ భరణం తగ్గవచ్చు గానీ పాప ఖర్చులో తండ్రి బాధ్యత పోదు. శాశ్వత భరణం నెలనెలా అయితే ఆయన పేరున ఉన్న ఏదైనా స్థిరాస్తి మీద ఛార్జి (భరణానికి హామీగా ఆ ఆస్తిని ముడిపెట్టడం) పెట్టమని అడిగే వీలు సెక్షన్ 25లోనే ఉంది. ఎక్కువమంది అడగరు. మీరు అడగండి.

నేను గొడవ పెంచమనడం లేదు. పరస్పర అంగీకారమే మీ ఇద్దరికీ, పాపకూ మంచిది. కానీ ఒప్పందంలో ఫ్లాటు, లోను, బంగారం, మీ భరణం, పాప ఖర్చు ఐదూ విడివిడి పేరాలుగా ఉండాలి, ఒక్కోదానికి అంకె, తేదీ, ఎలా ఇస్తారో ఉండాలి. మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేసే) రోజు కొంత, ఆరు నెలల తర్వాత రెండో మోషన్ (అదే మాట మీద ఉన్నామని మళ్లీ చెప్పే) రోజు మిగతాది డీడీ రూపంలో కోర్టులోనే చేతికి రావడం మామూలు పద్ధతి. రెండో మోషన్ దాకా మీ సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు మీకుంది, కాబట్టి నగలు ఆలోపే రావాలి. పెద్దమనుషుల్లో కూర్చుని తెల్లకాగితం మీద రాసుకున్న పంపకంతో ఫ్లాటు ఎవరి పేరుకీ మారదు. రాజీ డిక్రీలో ఆస్తి వివరాల షెడ్యూల్‌తో సహా రావాలి, లేదా సబ్ రిజిస్ట్రార్ దగ్గర డీడ్ రిజిస్టర్ కావాలి.

నోటీసులోని 15 రోజులు వాళ్లు పెట్టుకున్న గడువు, అది దాటితే మీ హక్కులేవీ పోవు. అయినా మౌనంగా ఉండకండి. మీ లాయర్ ద్వారా పొట్టి జవాబు పంపండి: పరస్పర అంగీకారానికి చర్చకు సిద్ధం, ఫ్లాట్‌లో నా వాటా ఉంది, జతచేసిన జాబితాలోని నగలు వెంటనే తిరిగి ఇవ్వాలి, పాప ఖర్చు విడిగా తేలాలి, ఈలోపు ఫ్లాటునూ లాకర్‌నూ కదపొద్దు. స్పీడ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. గిఫ్ట్ డీడ్, 2016 స్టేట్‌మెంట్ దొరికాయో లేదో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి మిగతాది చెప్తాను.